గాదె కింద చప్పుడు

దగ్గరికి జరగండర్రా, గాలి ఇటు తిరిగింది, పొగ మీ కళ్ళల్లోకి వస్తుంది. ఒరే చిన్నోడా, ఆ తాటిమట్ట లోపలికి తోయ్. సగం కాలి బయటికొచ్చింది.

ఎలకల సంగతి చెప్పమన్నారుగా, చెబుతాను. ఇది పిల్లి మెడలో గంట కట్టే కథలాంటిది కాదు. ఈ ఇంట్లో జరిగింది, ఈ ఊళ్ళో జరిగింది, మా పెద్దవాళ్ళు కళ్ళారా చూసి చెప్పింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 1964లో. అప్పుడీ డాబా లేదు. మట్టిగోడలు, పైన తాటాకు, వంటింటి మీద మాత్రం పెంకు. నడవాలో ఎడంపక్క చెక్కలతో కట్టిన గాదె. నూర్పులయ్యాక ఇంటి తిండికీ విత్తనానికీ కావలసిన వడ్లు గాదెలో పోసి, మిగతావాటికి పెరట్లో పురి కట్టేవాళ్ళు. పురి మీరెవరూ చూడలేదు. వరిగడ్డిని లావుపాటి తాడుగా పేని, దాన్ని చుట్టలు చుట్టలుగా పైకి లేపుకుంటూ, లోపల వడ్లు పోసుకుంటూ వెళ్ళేవాళ్ళు. మనిషెత్తు దాటాక పైన గడ్డి కప్పు. ఒక్క మేకు లేదు, ఒక్క రేకు లేదు. ఎంత వాన కురిసినా లోపలి గింజ తడిసేది కాదు.

వానని ఆపిన పురి ఎలకని ఆపలేకపోయేది. రాత్రి లాంతరు వత్తి తగ్గించగానే గాదె కింద మొదలయ్యేది. కరకర, కాసేపు ఆగడం, మళ్ళీ కరకర. కొత్త కోడల్ని, నాకు నిద్రపట్టేది కాదు. మా అత్తగారు పక్కమీంచి లేవకుండానే, "అది గాదె చెక్క కొరుకుతోందమ్మా, గోడలోది కాదు. పొద్దున చూద్దాం, పడుకో" అనేది. చప్పుడు వినే ఏ ఎలకో, ఎక్కడుందో ఆవిడ చెప్పేసేది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే సరిగ్గా ఆవిడ చెప్పిన చోటే చెక్కపొట్టు రాలి ఉండేది.

అవన్నీ ఒక రకమనుకోకండి. అటక మీద, వాసాల మీద పరుగులు తీసేది ఇంటెలక. దాని తోక ఒంటికంటే పొడుగు, దండెం తాడు మీద కూడా నడిచిపోతుంది. బియ్యం డబ్బా వెనకాల, బట్టల పెట్టెలో కాపురం పెట్టేది చిట్టెలక. గడ్డివామి కింద, దొడ్డిగోడ పునాదిలో సొరంగాలు తవ్వేది పందికొక్కు. అది మీదికి తిరగబడితే పిల్లి కూడా వెనక్కి తగ్గుతుంది. ఇక ముక్కు సాగదీసుకుని, గోడవారన కిచకిచమంటూ పోయే చుంచు అసలు ఎలక జాతే కాదు. బొద్దింకల్నీ పురుగుల్నీ తిని బతుకుతుంది. దాని వాసన గిట్టక కర్ర పుచ్చుకుని వెంటపడతారు. హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్ళూ ఏటా పిల్లలకి చెప్పాను, ఆ ఒక్క జీవిని వదిలెయ్యండర్రా, మీ ఇంటికి అది మేలే చేస్తోంది అని.

వచ్చింది ఏదో తెలియకుండా మందు కొనుక్కొస్తే డబ్బూ పోతుంది, ఎలకా పోదు. పెంటికలు చూడాలి. బియ్యపుగింజంత ఉంటే చిట్టెలకవి. అరంగుళం పొడుగుండి కొసలు సూదిగా ఉంటే ఇంటెలకవి. మెత్తగా, నల్లగా నిగనిగలాడుతుంటే నిన్న రాత్రివి. బూడిదరంగు తిరిగి, పుల్లతో తాకగానే పొడి అయిపోతే ఎప్పటివో. గోడ అడుగున జిడ్డుగా నల్లటి చార ఉంటే అదే దాని రోజువారీ దారి. ఎలక నట్టింట్లోంచి నడవదు, మీసాలు గోడకి తగిలేలా గోడవారనే పోతుంది. బోను గదిమధ్యలో పెట్టి, "పడటం లేదు నాయనమ్మా" అంటే ఎలా పడుతుంది?

చెక్క ఎందుకు కొరుకుతుంది, చెక్క తిండి కాదుగా అని మీ నాన్న చిన్నప్పుడు అడిగేవాడు. దాని ముందుపళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. అరగదియ్యకపోతే అది బతకలేదు. చెక్క, సబ్బు, కరెంటు వైరు, సీసపు గొట్టం, ఏది దొరికితే అది కొరుకుతుంది. కడుపు పండిన మూడు వారాలకే ఈనుతుంది, ఈతకి ఆరేడు పిల్లలు. రెండు మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలు కూడా ఈతకొస్తాయి. సంక్రాంతికి గాదె కిందకి చేరిన జంటని తొలకరి దాకా వదిలేస్తే అది జంటగా ఉండదు, ఊరవుతుంది.

మా అత్తగారు బడికి వెళ్ళలేదు. కానీ ఎలక విషయంలో ఆవిడ చేసిన పనిని మించి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏటా కొత్త పంట రాకముందే గాదె మొత్తం ఖాళీ చేయించేది. పాత గింజ ఒక్కటి కూడా మూలల్లో మిగలకూడదు. మంచాలతో సహా నడవా ఖాళీ. గోడ అడుగున కనిపించిన ప్రతి కన్నంలోనూ ఊరికే మట్టి కూరేది కాదు. పగిలిన గాజుగాజులు, సీసా పెంకులు రోట్లో దంచి, సున్నంలో కలిపి ఆ ముద్ద కూరేది. మట్టి అయితే ఒక్క రాత్రిలో తవ్వేస్తుంది, గాజుపెంకు దగ్గర నోరు కోసుకుని మానేస్తుంది. గాదె నాలుగు రాళ్ళ మీద మోకాలెత్తున ఉండేది, గోడకి ఆనకుండా ఎడంగా. "ఆ సందులో పిల్లి తిరగాలి, నా చీపురూ తిరగాలి" అనేది. చీపురు తిరగని చోటే ఎలక ఈనుతుందని ఆవిడ లెక్క. రాత్రి అంట్లు అలాగే వదిలెయ్యడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. కుడితి గోలేనికి మూత, పశువుల చిట్టు తొట్టికి మూత. వినాయకచవితినాడు మాత్రం బోను మూసిపెట్టి, గాదె ముందు గుప్పెడు వడ్లు పోసేది. "ఇవాళ ఆయన వాహనం, రేపు మన దొంగ" అనేది, మనస్ఫూర్తిగానే.

పాలూ వెన్నా ఉట్టి మీద పెట్టేవాళ్ళం. పిల్లి అందుకోదు గాని ఎలక దూలం మీంచి తాడు పట్టుకుని దిగుతుంది. అందుకని తాడు మధ్యలో కొబ్బరిచిప్పకి కన్నం పెట్టి బోర్లా గుచ్చేవాళ్ళు. పైనుంచి దిగిన ఎలక నున్నటి చిప్ప మీద కాలు నిలవక జారి కిందపడేది. మా అన్నయ్య కాకినాడ రేవులో పనిచేసేవాడు. ఓడని గట్టుకి కట్టే మోకులకి పళ్ళేలంత రేకుబిళ్ళలు తగిలిస్తారని, మోకు మీదుగా ఎలకలు ఓడలోకి ఎక్కకుండా, దిగకుండా అడ్డమని చెబితే మా అత్తగారు ఎంత పొంగిపోయిందో! "చూశావా, ఓడలవాళ్ళకీ మన కొబ్బరిచిప్పే!" అంది.

మా పుట్టింటివైపు కోనసీమలో కొబ్బరిచెట్ల సంగతీ అదే. ఎలక చెట్టెక్కి మొవ్వులో గూడు పెట్టి, లేతకాయలకి కన్నం చేసి రాల్చేస్తుంది. పొద్దున్నే చెట్టు కింద కన్నం పడిన పిందెలు చూసి మా నాన్న తల పట్టుకునేవారు. తర్వాత మనిషెత్తు దాటాక చెట్టు మొదలు చుట్టూ నున్నటి రేకు చుట్టించారు. గోళ్ళు పట్టు దొరకక ఎలక ఎక్కలేదు. కానీ రెండు చెట్ల మట్టలు పైన ఒకదానికొకటి తగిలితే? రేకు లేని పొరుగు చెట్టెక్కి, మట్ట మీదుగా దాటి వచ్చేది. మా నాన్న వెళ్ళి పొరుగు తోటాయన్ని బతిమాలి, ఆయన చెట్లకి కూడా తన ఖర్చుతో రేకు కొట్టించారు. ఎలక పని ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదని నాకు అర్థమైంది ఆ తోటలోనే.

ఇప్పుడు బుట్టల తాత గురించి చెప్పాలి. ఆయన గురించి చెప్పకుండా ఈ ముచ్చట ముగిస్తే నాకు నిద్రపట్టదు.

ఆయన యానాది. కాలవ అవతల గట్టుమీద వాళ్ళ గుడిసెలుండేవి. నాట్లేసి నెల తిరిగాక ఒకసారి, వరి పొట్టకొచ్చే ముందు ఇంకోసారి, ఊరి రైతులందరూ కలిసి ఆయన్ని పిలిపించేవాళ్ళు. వెదురుతో అల్లిన చిన్న బుట్టలు కావడినిండా తెచ్చేవాడు. ఒక్కోదానికి విల్లులా వంచిన బద్ద, దానికో ఉచ్చు, లోపల గుప్పెడు గింజలు. సాయంత్రం గట్ల మీద ఎలక దారులు చూసి పెట్టుకుంటూ పోయేవాడు. గింజ కోసం తల దూర్చిందా, బద్ద లేచి ఉచ్చు బిగిసేది. తెల్లారగట్ల వెళ్ళి బుట్టలు ఎత్తుకొచ్చి, మా అరుగు ముందు తోకలు పరిచి లెక్క చెప్పేవాడు. తోకకింత అని కూలి. మీ తాతయ్య పుస్తకంలో రాసుకునేవారు.

నేను ఆయన వెంట పొలం వెళ్ళేదాన్ని. పంతులమ్మ ఎలకలవాడి వెంట గట్లమీద తిరుగుతోందని ఊళ్ళో నవ్వేవాళ్ళు కూడా. ఆయన చెప్పినంత సైన్సు నాకు ఎవరూ చెప్పలేదు. దుబ్బు ఏటవాలుగా తెగి ఉంటే ఎలక కోత. బొరియ ముందు మట్టి తడిగా, గుళికలుగా ఉంటే లోపల ఉంది. బూజు పట్టి ఉంటే లేదు. అసలు బొరియలో ఏముందో కనుక్కోడానికి ఆయన పద్ధతి ఇదీ: సాయంత్రం కనపడ్డ కన్నాలన్నీ మట్టితో మూసేసేవాడు. పొద్దున ఏవి తెరుచుకున్నాయో అవే కాపురం ఉన్నవి. పని వాటి దగ్గరే. తర్వాత చాలా ఏళ్ళకి వ్యవసాయాధికారులు ఊళ్ళో సామూహిక ఎలకల నిర్మూలన పెట్టినప్పుడు కాగితం మీద అచ్చువేసి పంచిన మొదటి సూచన కూడా అదే.

బొరియకి ఎప్పుడూ ఒకటే వాకిలి ఉండదు. పారిపోవడానికి ఇంకో కన్నం తవ్వుకుని, పైన పల్చగా మట్టి వదిలేస్తుంది, బయటికి కనపడదు. తాత పాదంతో తడిమి కనిపెట్టేవాడు. దాని మీద ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, అడుగున కన్నం పెట్టిన పాతకుండలో గడ్డీ పిడకముక్కలూ వేసి అంటించి, కుండమూతి బొరియకి ఆనించి, అడుగు కన్నంలోంచి నోటితో ఊదేవాడు. పొగంతా లోపలికి. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడి, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఇప్పుడు చేత్తో తిప్పితే పొగ కొట్టే మిషన్లు వచ్చాయి. ఆయన ఊపిరి ఉన్నప్పుడు అవి లేవు.

పొగ పట్టాక తవ్వేవాడు. లోపల పందికొక్కు దాచిన వెన్నులు, ఒడినిండా. అవి తవ్వినవాళ్ళవని ఊరి కట్టుబాటు. ఆ వడ్లు కడిగి, దంచుకుని, వాళ్ళింట్లో అన్నం వండుకునేవాళ్ళు. మన పొలంలో ఎలక దోచిన గింజే వాళ్ళ పిల్లలకి తిండి. మన గాదె నిలబెట్టిన మనిషికి మనం ఏం చేశాం? అరుగు కిందే నిలబెట్టి మాట్లాడాం. తెల్లవాళ్ళ కాలంలో యానాదుల్లో కొందర్నీ, ఎరుకలవాళ్ళనీ పుట్టుకతోనే నేరస్తులని చట్టంలో రాశారు. 1952లో ఆ చట్టం పోయింది. మనుషుల చూపులోంచి మాత్రం పోలేదు. ఊళ్ళో చెంబు కనపడకపోతే మొదట కాలవగట్టు గుడిసెల వైపే చూసేవాళ్ళు. రాత్రంతా మన పొలాల్లో తిరిగి, ఒక్క వెన్ను అదనంగా ముట్టని మనిషిని! ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మీరు గుర్తుపెట్టుకోండి.

ఆయన జెర్రిపోతుని చంపనిచ్చేవాడు కాదు. దానికి విషం లేదు, బొరియలోకి దూరి పిల్లల్ని మింగి వస్తుంది, నా బుట్ట ఆ పని చెయ్యలేదమ్మా అనేవాడు. గుడ్లగూబ అంటే అందరికీ అపశకునం, రాళ్ళేసేవాళ్ళు. ఆయన మాత్రం వరిచేల మధ్య అక్కడక్కడ తాటిమట్టలు పాతేవాడు, రాత్రిపూట అవి వచ్చి వాలి ఎలకల్ని ఏరుకోడానికి. పాముని చంపి, గూబని తరిమి, పిల్లిని చీదరించుకుని, ఆ తర్వాత ఎలకలు పెరిగిపోయాయని మందు కొట్టు దగ్గర వరస కట్టడం నేను కళ్ళారా చూశాను.

మందు సంగతి. అమ్మడూ, నువ్వు కూడా విను, నీకు చిన్నపిల్ల ఉంది.

పొలాల్లో వాడింది జింక్ ఫాస్ఫైడ్, నల్లటి పొడి. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు. మొదట ఒకటి రెండు రోజులు మందు లేకుండా ఉత్త నూకలూ నూనే పొట్లాలు కట్టి బొరియల్లో వేసేవాళ్ళు. ఎలక అనుమానపు జీవి, కొత్త తిండి చూస్తే కొంచెం కొరికి ఆగుతుంది. అలవాటు పడ్డాకే మందు పొట్లం. కొంచెం తిని బతికి బయటపడిందా, ఇక చాలాకాలం ఆ రుచి ముట్టదు. తర్వాత బ్రోమడయోలోన్ వచ్చింది. అది తిన్న ఎలక కొన్ని రోజులకి లోలోపల నెత్తురు కారి చస్తుంది, ఏ తిండి వల్ల చస్తోందో దానికి తెలియదు. మనుషులెవరైనా పొరపాటున తింటే దానికి విటమిన్ కె అనే విరుగుడుంది. ఆ నల్లపొడికి విరుగుడు లేదు.

ఈ రెండిటికంటే నేను భయపడేది ఒకటుంది. గొట్టంలో వచ్చే పేస్టు. పచ్చభాస్వరం. వెల్లుల్లి వాసన, చీకట్లో సన్నగా మెరుస్తుంది. మా వీధిలోనే ఒకింట్లో బిస్కెట్టుకి పూసి పొయ్యిపక్కన పెట్టారు. ఎలక రాలేదు. మూడేళ్ళ పిల్ల చూసింది. మొదటిరోజు వాంతులయ్యాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చారు. మర్నాడు పిల్ల లేచి ఆడుకుంది. అందరం గండం గడిచిందనుకున్నాం, వాళ్ళమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ఆ తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. ఆ విషం గుణం అదే. కాసేపు వదిలేసినట్టు నటించి లోపల కాలేయాన్ని తినేస్తుంది. పిల్ల దక్కలేదు. ఆ తల్లి ఆ తర్వాత ఆ వంటింట్లో పొయ్యి వెలిగించలేదు, ఇల్లు అమ్మేసి పుట్టింటికి వెళ్ళిపోయారు.

అందుకే నా ఇంట్లో ఆ గొట్టం అడుగుపెట్టదు, మీ ఇళ్ళల్లోకీ రానివ్వకండి. ఏ మందైనా పిల్లలకి, పిల్లికి అందేచోట పెట్టకూడదు. తినే వస్తువుకి పూసి అసలే పెట్టకూడదు. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా, బాగానే ఉన్నారుగా అని చూస్తూ కూర్చోకండి. మందు ప్యాకెట్టు చేత్తో పట్టుకుని అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. డాక్టరు మొదట అడిగేది ఆ పేరే.

ఎలకంటే గింజ నష్టమేనని మీరనుకుంటారు. మా అత్తగారి తల్లి అలా అనుకోలేదు. ఆవిడ బళ్ళారి వైపు మనిషి. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలై, రైళ్ళతో పాటు అటూ ఇటూ పాకి బళ్ళారికి కూడా వచ్చింది. ఆవిడ చిన్నపిల్ల అప్పుడు. ఇంట్లో కప్పు మీంచి ఎలక రాలిపడిందంటే ఇంక వంట కూడా ముగించరు. కట్టుగుడ్డలతో, గిన్నెలతో ఊరవతల పొలాల్లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉండేవాళ్ళు. సర్కారు మనుషులొచ్చి ఇళ్ళ పైపెంకులు తీయించి లోపల ఎండ పడేట్టు చేసి, సున్నం కొట్టించేవాళ్ళు. చంకలోనో గజ్జల్లోనో గడ్డ లేచిన మనిషిని, తీసుకుపోతారన్న భయంతో ఇంటివాళ్ళే దాచేసేవాళ్ళు. పక్కింటి ముసలాయన్ని జొన్నచొప్ప వెనకాల దాచిన సంగతి చెబుతూ ఆవిడ గొంతు తగ్గించేది, అన్నేళ్ళ తర్వాత కూడా.

ఎలక చచ్చిన ఇల్లు ఎందుకు ప్రమాదమో అప్పుడు ఎవరికీ తెలియదు. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ 1894లో హాంకాంగ్‌లో కనిపెట్టాడు. అది ఎలక నుంచి మనిషికి ఎలా వస్తోందో 1898లో కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు తేల్చాడు. రోగం ఉన్న ఎలకని గోమార్లతో సహా ఒక పెద్ద జాడీలో ఉంచి, ఆరోగ్యంగా ఉన్నదాన్ని జాలీబోనులో పెట్టి లోపలికి దించాడు. ఒకదాన్నొకటి తాకలేదు. అయినా రెండోదానికి రోగం వచ్చింది. గోమారు ఎగిరి కుట్టింది. ఎలక చచ్చి ఒళ్ళు చల్లబడగానే గోమార్లు దాన్ని వదిలి వెచ్చటి ఒంటిని వెతుక్కుంటాయి. మొదట్లో ఆయన మాట చాలామంది నమ్మలేదు. చచ్చిన ఎలకని ఉత్తచేత్తో తోక పట్టి విసిరేసేవాళ్ళని చూస్తే నాకు ఆ జాడీ గుర్తొస్తుంది. చేతికి కవరు తొడుక్కోండి, పొడుగు కర్రతో తీయండి, లోతుగా పాతిపెట్టండి.

ప్లేగు పాతకాలంతో పోయిందనుకుంటుండగా 1994 సెప్టెంబరులో సూరత్‌లో వచ్చింది. అక్కడ మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళు ఎంతమందో! తెలంగాణ నుంచి వెళ్ళిన నేతపనివాళ్ళు. రైళ్ళన్నీ కిక్కిరిసి జనం ఊరు వదిలారు. ఆ మరుసటి ఏడు అక్కడికి కమిషనర్‌గా వెళ్ళింది ఎస్.ఆర్.రావు, సూర్యదేవర రామచంద్రరావు. అధికారుల్ని గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి తీసుకెళ్ళాడు, చెత్త రాత్రిళ్ళు ఎత్తించాడు, మురికి చేసిన హోటళ్ళ మీద చర్య తీసుకున్నాడు. అంత మురికి ఊరు రెండేళ్ళు తిరక్కుండానే దేశంలో శుభ్రమైన ఊళ్ళలో లెక్కకొచ్చింది. మా అత్తగారు ఒక గాదెకి చేసింది ఆయన ఒక నగరానికి చేశాడు. పేపర్లో చదివి ఆ కాగితం క్లాసుకి తీసుకెళ్ళి పిల్లలకి చదివి వినిపించాను.

మన డెల్టాకి సొంత జబ్బు వేరే ఉంది, ఎలక జ్వరం. ఎలక మూత్రం కలిసిన నీళ్ళల్లో కాళ్ళు నానితే, గాయంలోంచి ఒంట్లోకి పోతుంది. జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్ళు ఎర్రబడటం. ముదిరితే కామెర్లు, కిడ్నీలు. తొందరగా వెళితే మామూలు మందులకే తగ్గుతుంది. నాట్ల రోజుల్లో పొలంనుంచి వచ్చినవాళ్ళకి జ్వరమొస్తే, బురదలో దిగామని డాక్టరుకి చెప్పమని నేను వెంటపడి చెబుతాను.

సరే, మీ హైదరాబాదు ఫ్లాట్ల సంగతికి వద్దాం. ఆ చెవికి వినపడని చప్పుడు చేసే మిషను కొన్నావన్నావు. కొన్నాళ్ళు బెదురుతాయి, తర్వాత అలవాటుపడి దాని పక్కనే తిరుగుతాయి. జిగురు అట్ట వద్దు నాన్నా. దానిమీద అతుక్కుని గంటలకొద్దీ కొట్టుకుంటుంది. చంపాల్సి వస్తే చంపుదాం గాని, హింసపెట్టి చంపడం నాకిష్టం లేదు.

వెళ్ళగానే ముందు బోను కొనకు. ముందు కన్నాలు వెతుకు. సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోట, ఏసీ పైపు సందు, బాత్రూము జాలీ, తలుపు కింది ఎడం. పెన్సిలు దూరే సందుంటే చిట్టెలక దూరుతుంది, బొటనవేలు పట్టేంత ఉంటే ఇంటెలక దూరుతుంది. అనుమానం ఉన్న కన్నంలో రాత్రి కాగితం ఉండ కూరు. పొద్దున అది బయటపడి ఉంటే అదే వాకిలి, బుట్టల తాత పద్ధతి. అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి, పైన సిమెంటు పెట్టించు. లోపలే ఉండిపోయినవాటికి బోను, గోడవారన, మూతి గోడ పొడుగునా ఉండేట్టు. ఎండుకొబ్బరి ముక్క నిప్పుమీద కాల్చి పెట్టు, వాసనకి వస్తుంది. రెండు మూడు రాత్రులు తలుపు తెరిచే ఉంచి తిననివ్వు, ఆ తర్వాత కొక్కెం పెట్టు. పెంటికలు పొడిచీపురుతో ఊడవకు, దుమ్ము లేస్తుంది. బ్లీచింగు నీళ్ళు చల్లి, నానాక తడిగుడ్డతో తియ్యి.

ఇంతా చేసి నీ ఒక్క ఫ్లాటుకే చేస్తే అది పక్క ఫ్లాటుకి మారుతుంది, పదిరోజులకి పైపు పట్టుకుని మళ్ళీ నీ దగ్గరికే వస్తుంది. కాబట్టి మీ అపార్టుమెంటు వాళ్ళందరితో మాట్లాడు. ఒకే ఆదివారం అన్ని ఫ్లాట్ల కన్నాలూ మూయాలి. కింద చెత్త డబ్బాలకి గట్టి మూతలు, రాత్రికి ఖాళీ కావాలి. పార్కింగులో కుక్కలకని పోసే అన్నం మిగలకుండా చూడాలి. మందు పెట్టాల్సిందేనంటే తెలిసినవాళ్ళని పిలిచి, తాళం వేసే డబ్బాల్లో, బయట డ్రైనేజీ పక్కన. ఇళ్ళల్లో వద్దు.

ఇంకొకటి. మీ వాచ్‌మన్ గది ఆ చెత్త డబ్బాల పక్కనే ఉందని అమ్మడు చెప్పింది. వాళ్ళ చంటిపిల్ల కింద చాప మీద పడుకుంటుందట. మీ మీటింగుకి అతన్నీ అతని భార్యనీ పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఎలకలు ఎటునుంచి వస్తున్నాయో ఆ బిల్డింగులో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. సిమెంటు పనివాడు రాగానే మీ ఫ్లాటుకి తీసుకెళ్ళకు, మొదటి కన్నం వాళ్ళ గదిలో మూయించు. ఆ పిల్లకి ఒక మంచం కూడా చూడు, డబ్బులు నేనిస్తాను.